ఇంటి బేరము - మధ్యవర్తి రుసుము

సంసారియైనవాడు పంటను ఏటేట అమ్మును. పశువులను పలుమారులు అమ్మును. ఇంటిని మాత్రము జీవితములో ఒకమారు అమ్మినచో అదియే ఎక్కువ. అందువలననే ఎంతటి లౌకికునకైనను ఇంటి బేరమున అనుభవము చాలదు. ధర ఎంత పలుకునో విచారించుకొనును. రిజిస్ట్రేషను ఖర్చు ఎవరిదో ముందుగనే తేల్చుకొనును. కాని మూడవ లెక్క ఒకటి కలదు. అది సాధారణముగా చివరి దినమున గాని బయటపడదు. అదియే మధ్యవర్తి రుసుము.

ఇంటి యజమాని బ్రోకరును ఎవరినీ పెట్టుకొనలేదనుకొందము. తానే బంధువులకు చెప్పినాడు, గోడమీద ఫోను నంబరు వ్రాయించినాడు, కొనువాని కొరకు కాచుకొన్నాడు. కొనువాడు రానే వచ్చినాడు. అయితే ఒంటరిగా రాలేదు. ఇండ్లు చూపుటకు తాను కుదుర్చుకొన్న మనిషిని వెంటబెట్టుకొని వచ్చినాడు. ధర కుదిరినది, బయానా ముట్టినది. అప్పుడా మనిషి ఇంటి యజమానిని చాటుకు పిలిచి "నూటికి రెండు చొప్పున మాకు రావలసినది మరువకండి" అనును. "నేను మిమ్ములను పిలువలేదు గదా" అని యజమాని. "కొనువారిని తెచ్చినది నేనే గదా" అని అతడు. ఇద్దరి మాటలలోను కొంత న్యాయము ఉన్నట్లే తోచును.

ఈ తగవు నిన్న నేడు పుట్టినది కాదు. క్రయవిక్రయములలో మూడవ మనిషి ఎట్లు ప్రవేశించెను, అతని కూలిని ఎవరు ఇచ్చుచుండిరి, ఆ కూలి ఎప్పుడు బయటి మాటగా ఉండెను, ఎప్పుడు చాటు మాటగా మారెను అను సంగతులు చరిత్రలో కొంతవరకు కనబడుచున్నవి. వానిని నాదెండ్ల వంటి ఒక ఊరిని దృష్టియందుంచుకొని పరిశీలింతము.

చిలకలూరిపేటకు, నరసరావుపేటకు నడుమనున్న నాదెండ్ల 2022 ఏప్రిల్ 4 వరకు గుంటూరు జిల్లాలోనిది. ఆనాటినుండి పల్నాడు జిల్లాలోనిది. ప్రత్తి, మిరప, పొగాకు పండు ప్రాంతము. చదువులకును ఉద్యోగములకును గుంటూరు, హైదరాబాదు, అమెరికాలకు తరలిపోయిన కుటుంబముల ఇండ్లు ఇటువంటి ఊళ్లలో తాళములు వేసియుండుట సామాన్యమైన దృశ్యము. అట్టి ఇల్లొకటి 30 లక్షల రూపాయలకు అమ్ముడుపోయినదనుకొందము. నూటికి రెండు చొప్పున మధ్యవర్తి రుసుము 60,000 రూపాయలు. ఇరువైపుల నుండి తీసికొన్నచో 1,20,000 రూపాయలు. అమ్మినవాడు ఆ సొమ్ముతో ఆడపిల్ల పెండ్లి చేయదలచినను, అప్పు తీర్చదలచినను ఈ మొత్తము తక్కువది కాదు. కనుక ఈ ప్రశ్న చిన్నది కాదు.

మన దేశమున ఇంటి అమ్మకమును గూర్చి తెలియజెప్పు ప్రాచీన గ్రంథములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ముఖ్యమైనది. దాని మూడవ అధికరణమున వాస్తువిక్రయమను ప్రకరణము కలదు. అందు చెప్పిన పద్ధతిలో బ్రోకరుకు చోటే లేదు. ఇల్లు కొనుటకు మొదటి హక్కు జ్ఞాతులది, తరువాత ఇరుగుపొరుగువారిది, ఆ పిమ్మట అప్పిచ్చినవారిది. వారు కాదన్న పిదపనే ఇతరులు. చుట్టుపట్ల నలువది కుటుంబములవారి యెదుట, ఆ ఇంటి ముంగిట నిలిచి అమ్మకమును చాటవలెను. హద్దులు ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెను. "ఈ ధరకు కొనువారెవరు?" అని ముమ్మారు పిలువవలెను. అడ్డు చెప్పువారు లేనిచో కొనువాడు కొనుక్కొనవచ్చును. పోటీవలన ధర పెరిగినచో ఆ పెరిగిన మొత్తము సుంకముతో కూడ రాజు బొక్కసమునకు చేరును. ఆ సుంకమును పాట పాడినవాడే చెల్లించవలెను.

పెరిగిన ధరను రాజు తీసికొనుట నేటి మనకు రుచింపకపోవచ్చును. కాని ఒక్క సంగతి గమనింపదగినది. ధర నలువది ఇండ్లవారి చెవిని పడుచున్నది. దానిపై చెల్లవలసినది ఏదో, చెల్లించువాడెవడో ముందుగనే తెలిసియున్నది. చాటు మాటకు తావులేదు.

తరువాతి కాలమున విజ్ఞానేశ్వరుని మితాక్షర మన న్యాయశాస్త్రమునకు ఆధారమైనది. భూమి చేతులు మారుటకు ఊరివారు, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు సమ్మతింపవలెననియు, బంగారముతోను నీటితోను ధారవోయవలెననియు అందు ఉన్నది. పదమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి సమకాలికుడైన మూలఘటిక కేతన ఈ ధర్మములనే విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసినాడు. ఊరివారి సమ్మతి యనగా అది వారి అనుగ్రహము కాదు. అమ్మకము అందరికిని తెలియుటకు ఏర్పరచిన కట్టుబాటు. మన దస్తావేజులలో నేటికిని కనబడు "అష్టభోగ తేజస్స్వామ్యములతో" అను మాటలు ఆ పాత కాలపు వాసనలే.

ఇంటిని కొనువాడు ఇంచుమించు ఎల్లప్పుడును ఊరిలోనివాడే. అతని తాతను కూడ అమ్మువాడు ఎరుగును. ఇద్దరిని కలుపుటకు మూడవవాని అక్కర లేదు. ఇంతలో సరకుల వర్తకము దారి వేరుగా నడచినది. పొరుగు దేశములనుండి, సముద్రము దాటి వర్తకులు వచ్చుచుండిరి. అచ్చట అపరిచితులే ఎక్కువ. కనుక రుసుముల తగవులు అచ్చటనే మొదట పుట్టినవి. వానికి తీర్పును అచ్చటనే మొదట దొరకినది.

నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. గాలివానకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును మునుపటి రాజులు పూర్తిగా లాగుకొనుచుండిరి. తాను అట్లు చేయననియు, నిర్ణయింపబడిన సుంకమును, అనగా క్లుప్తశుల్కమును మాత్రమే తీసికొందుననియు గణపతిదేవుడు రాతిమీద చెక్కించినాడు. వర్తకునకు రాజుదయ కంటెను తెలిసిన లెక్క మేలని అతడు ఎరుగును.

నాదెండ్లకు చేరువనున్న కొండవీటిలో ఇట్టిదే మరియొక సాక్ష్యము కలదు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించెను. మహామంత్రి సాళువ తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రి ఆ దుర్గమునకు అధికారియై పాలించెను. అతని ఇంటిపేరు ఈ ఊరిపేరే. శకవర్షము 1442, అనగా 1520 నాటి కొండవీటి శాసనమున కొండవీటికి వచ్చు సరకులమీద ఆలయమునకు చెల్లవలసిన మొత్తములు సరకువారీగా లెక్కించి చెక్కబడియున్నవి. బస్తాతో వచ్చిన వర్తకుడు ఆ రాయి చదివించుకొన్నచో తాను ఎంత ఇయ్యవలెనో తెలిసికొనగలడు. అడుగువానికిని ఇచ్చువానికిని నడుమ రాయి సాక్షి.

ఇక మధ్యవర్తిని సూచించు మాటలవైపు చూతము. దలాలి, దళారి అనునవి అరబ్బీ మూలము నుండి మన భాషలోనికి వచ్చినవి. రుసుమును అరబ్బీదే; దాని మూలార్థము ఆచారము. దస్తూరి పారసీక పదము. దానికిని ఆచారమనియే అర్థము. ఇది కేవలము భాషావిషయము కాదు. రాతిమీద చెక్కిన సుంకమునకు లెక్క ఉండెను. ఆచారమునకు లెక్క చెప్పువాడుండడు. "ఇది ఎందుకు ఇయ్యవలెను?" అని అడిగినచో "ఎప్పటినుండియో ఇచ్చుచున్నారు గనుక" అనుటయే జవాబు.

1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానమును ఏర్పరచుకొనిరి. నేతగాండ్ర మాట వారికి తెలియదు. వారి మాట నేతగాండ్రకు తెలియదు. ఆ నడుమ నిలిచినవాడు దుబాసీ, రెండు భాషల మనిషి. ఇరువురికిని అతడే నోరు, అతడే చెవి. జీతమిచ్చువాడు ఒకడైనను దస్తూరి మాత్రము ఇరువైపుల నుండియు అతనికి ముట్టుచుండెడిది. అపరిచితులు బేరమాడునపుడు మధ్యవర్తి అవసరమగుననుటకును, అతడు ఎవరి మనిషియో తెలియకపోయినచో చిక్కు కలుగుననుటకును దుబాసీ చరిత్రయే తార్కాణము.

పందొమ్మిదవ శతాబ్ది రెండవ భాగమున ఇంటి అమ్మకము పూర్తిగా కాగితమునకు ఎక్కెను. 1864లో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు దేశవ్యాప్తమైన చట్టము వచ్చెను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజుతోనే జరుగవలెనని శాసించెను. నలువది కుటుంబముల చాటింపు స్థానమున సబ్ రిజిస్ట్రారు కచేరీ వచ్చినది. ఊరిలో హద్దులు ఎరిగినవాడు కరణము. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దగువరకు భూమి సంగతులకు అతని లెక్కలే ఆధారము.

మధ్యవర్తి రుసుమును గూర్చిన న్యాయము 1872 నాటి కాంట్రాక్టు చట్టములో కలదు. ఇంటి బేరము చేయు ప్రతివారును తెలిసికొనదగిన నాలుగు సంగతులు అందున్నవి. ఏజెంటనగా మరియొకని పక్షమున పనిచేయుటకు నియమింపబడినవాడు అని 182వ సెక్షను. కనుక మొదటి ప్రశ్న, అతనిని నియమించినదెవరు? ఆ నియామకము నోటిమాటగను, వ్రాతగను ఉండవచ్చును. పరిస్థితులనుబట్టి ఊహించుటకును వీలు కలదని 187వ సెక్షను. ప్రత్యేకమైన ఒప్పందము లేనపుడు పని పూర్తియైన పిదపనే ప్రతిఫలము బాకీపడునని 219వ సెక్షను. అప్పగించిన పనిలో దుర్వర్తన చేసినవానికి ఆ పనికి సంబంధించి ప్రతిఫలము లేదని 220వ సెక్షను.

వీనికి తోడు 216వ సెక్షను ఒకటి కలదు. యజమానికి తెలియకుండ ఏజెంటు తన సొంత లెక్కలో బేరము జరిపినచో అందువలన వచ్చిన లాభమును యజమాని అడిగి పుచ్చుకొనవచ్చును. అమ్మువానికి 28 లక్షలని చెప్పి, కొనువానికి 30 లక్షలని చెప్పి, నడుమనున్న రెండు లక్షలను తానుంచుకొను వాడుక మన ప్రాంతములలో వినబడనిది కాదు. అది రుసుము కాదు, తెలివితేటల ఫలమును కాదు. ఆ సొమ్ముమీద అతనిని పనికి పెట్టుకొన్నవానికి హక్కు కలదు.

చట్టములో ఇంత ఉన్నను ఇంటి బేరము చాటుమాటుగానే సాగినది. పంటల విషయమున మాత్రము కొంత మార్పు ముందుగా వచ్చినది. పశువుల సంతలో తుండుగుడ్డ మాటున వ్రేళ్లు పట్టుకొని బేరమాడుట మన పెద్దలందరు ఎరిగినదే. ధాన్యము, ప్రత్తి మొదలగు సరకులకును పలుచోట్ల ఈ గుడ్డమాటు బేరము నడచుచుండెను. చుట్టు నిలిచిన పదిమందికి ధర తెలియదు. అమ్మిన రైతుకు చివర చేతికి వచ్చినది మాత్రమే తెలియును. 1928లో నివేదిక సమర్పించిన వ్యవసాయ రాయల్ కమీషను ఈ రహస్య బేరములను, అన్యాయపు కోతలను ఎత్తిచూపి, క్రమబద్ధమైన మార్కెట్లు ఏర్పరచవలెనని సూచించినది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టము, 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినవి. గుంటూరు కేంద్రముగా నెలకొన్న పొగాకు బోర్డు 1980ల నడుమ వర్జీనియా పొగాకునకు బహిరంగ వేలమును ప్రవేశపెట్టినది. రైతు యెదుటనే ధర పలుకుట ఆరంభమైనది.

ఇంటికి యార్డు లేదు, వేలము లేదు. ఒక ఇల్లు మరియొక ఇంటివలె ఉండదు గనుక ధర నిర్ణయించుట కష్టము. అందువలన మధ్యవర్తికి ఇచ్చట బలమెక్కువ. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటరు పద్ధతి ఆరంభమైనపుడు దళారుల బెడద తగ్గించుట దాని ఉద్దేశములలో ఒకటి. కచేరీ లోపలి పనికి అది కొంత ఉపకరించినది. కచేరీకి రాకముందు జరుగు బేరమును అది ముట్టలేదు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, దానినే రెరా అందురు, నమోదైన ప్రాజెక్టులలోని స్థలములను ఫ్లాట్లను అమ్మించు ఏజెంట్లు తామును నమోదు కావలెనని విధించినది. లెక్కలు ఉంచవలెననియు, బూటకపు మాటలు చెప్పరాదనియు శాసించినది. రుసుము ఇంతయని మాత్రము అది నిర్ణయింపలేదు. నాదెండ్లలో తాతలనాటి పెంకుటింటిని యజమాని తానే అమ్ముకొనునపుడు ఈ చట్టము అతని తోడునకు రాదు. అతనికి 1872 నాటి చట్టమే దిక్కు.

మన తగవు మనకే ప్రత్యేకమనుకొనవలదు. తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిన అమెరికాలో ఇదే ప్రశ్న ఇటీవల న్యాయస్థానమునకు ఎక్కినది. అచ్చట ఇల్లు అమ్మువానికొక బ్రోకరు, కొనువానికొక బ్రోకరు ఉందురు. మొత్తము రుసుము చిరకాలముగా నూటికి అయిదు లేక ఆరు. అది అమ్మువాని సొమ్ములోనుండి పోవును. అందులో ఇంచుమించు సగము కొనువాని బ్రోకరుకు చేరును. తన ఇంటిని బ్రోకరు లేకుండ తానే అమ్ముకొనువాడు కూడ కొనువాని బ్రోకరుకు రెండున్నరయో మూడో ఇయ్యనిచో ఇల్లు చూచుటకు ఎవరును రారను భయము నాటుకొనియుండెను. అయిదు లక్షల డాలర్ల ఇంటికి నూటికి మూడు చొప్పున పదునైదు వేల డాలర్లు.

మిస్సోరి రాష్ట్రమునకు చెందిన గృహవిక్రేతలు ఈ ఆచారముమీద దావా వేసిరి. ఎదుటివాని బ్రోకరుకు మేమేల చెల్లింపవలెనని వారి వాదము. తక్కువ రుసుము ఇయ్యజూపిన ఇండ్లను బ్రోకర్లు కొనువారికి చూపకుండ తప్పించుచున్నారనియు ఆరోపించిరి. 2023 అక్టోబరు 31న కాన్సాస్ సిటీ నగరమున జ్యూరీ వారి పక్షమున తీర్పు చెప్పినది. నష్టపరిహారము ఇంచుమించు 178 కోట్ల డాలర్లు. 2024 మార్చిలో అచ్చటి రియల్టర్ల జాతీయ సంఘము 41 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీపడినది. ఆ సంవత్సరము ఆగస్టు 17 నుండి రెండు నియమములు అమలులోనికి వచ్చినవి. కొనువాని బ్రోకరుకు ఇంత ఇత్తుమను ప్రకటన బ్రోకర్ల ఉమ్మడి జాబితాలో ఉండరాదు. కొనువాడు తన బ్రోకరుతో కలిసి ఇల్లు చూడబోవుటకు ముందే, రుసుము ఎంతయో స్పష్టముగా వ్రాసిన ఒప్పందముపై సంతకము చేయవలెను. అమ్మువాడు ఇష్టపడినచో నేటికిని ఇయ్యవచ్చును. అయితే అది బేరములో ఒక భాగము, తప్పని ఆచారము కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. రుసుము ఎవరు ఇచ్చిననేమి? అమ్మువాడు ఇయ్యవలసివచ్చినచో ధర పెంచును. కొనువాడు ఇయ్యవలసివచ్చినచో ధర తగ్గించి అడుగును. తుదకు లెక్క ఒకటే గదా అని. ఇందులో కొంత నిజము కలదు. కాని రెండు భేదములు ఉన్నవి. రుసుము ధరలో కలిసిపోయినచో దస్తావేజులోని ధర పెరుగును. స్టాంపు సుంకము ఆ ధరను అనుసరించునది గనుక కొనువాడు మధ్యవర్తి కూలిమీద కూడ సుంకము కట్టినవాడగును. ఇది చిన్న భేదము. పెద్ద భేదము వేరొకటి. పని చేయించుకొనువాడొకడు, సొమ్మిచ్చువాడు మరియొకడు అయినపుడు రుసుమును బేరమాడువాడే ఉండడు. చేయించుకొనువానికి భారము తెలియదు. భారము మోయువానికి అడుగు హక్కు లేదు. అమెరికాలో ఇండ్ల ధరలు ఎన్నో రెట్లు పెరిగినను నూటికి అయిదారను రేటు దశాబ్దములపాటు పెద్దగా కదలకుండుటకు ఇది ఒక ముఖ్య కారణము.

దీనినిబట్టి మధ్యవర్తులందరు అక్కరలేనివారని మా అభిప్రాయము కాదు. దూరదేశమున ఉన్న యజమానికి ఊరిలోని కొనుగోలుదారు ఎట్లు తెలియును? కొత్తగా వచ్చిన కుటుంబమునకు ఏ ఇంటి హద్దులలో తగాదా ఉన్నదో ఎవరు చెప్పుదురు? ముఖాముఖి అనలేని మాటను ఇటునుండి అటు మెత్తగా చేరవేసి, తెగిపోవలసిన బేరమును నిలిపిన మధ్యవర్తులు ప్రతి ఊరిలో ఉన్నారు. పది ఇండ్లు చూపిన తరువాత గాని వారికి ఒక బేరము కుదరదు. తక్కిన తొమ్మిదింటి శ్రమ వృథాయే. వారికి కూలి న్యాయమే. ఆ కూలి వారిని పిలిచినవారు ఇయ్యవలెననుటయే ప్రశ్నకు జవాబు. ఇరువురు పిలిచినచో ఇరువురును ఇయ్యవచ్చును. అయితే ఆ సంగతి ఇరువురికిని తెలియవలెను.

కనుక బ్రోకరు లేకుండ ఇల్లు అమ్మదలచినవారు మొదటి దినముననే, కొనువాడు గడపలో అడుగుపెట్టినపుడే, వెంట వచ్చిన మనిషి ఎవరో అడుగవలెను. "ఇతనికి ఇయ్యవలసినది మీరే ఇచ్చుకొందురు గదా" అని కొనువానినే, అతని యెదుటనే అడుగుట మర్యాదకు లోపము కాదు. మౌనముగా ఉన్నచో ఆ మౌనమే అంగీకారమని తరువాత వాదించుటకు చోటు దొరకును. కొంత ఇచ్చుటకు ఇష్టపడినచో ఎంతయో, ఎప్పుడో బయానా కాగితములోనే ఒక పంక్తి వ్రాసికొనవలెను. రిజిస్ట్రేషను పూర్తియైన పిదపనే ఇయ్యవలెను. కొనువాడును తన మనిషికి అమ్మువాడు ఏమైన ముట్టజెప్పుచున్నాడా యని నిస్సంకోచముగా విచారింపవలెను. ధర తగ్గించుటకు పెట్టుకొన్న మనిషి ధర పెరిగినకొలది లాభపడుచున్నచో అతని సలహాకు విలువ ఏమి?

నలువది కుటుంబముల యెదుట చాటింపు నేడు సాధ్యము కాదు. కొండవీటి శాసనమువలె ప్రతి బేరమునకు రాయి నిలుపనక్కరయును లేదు. స్టాంపు కాగితము వ్రాయునాడు నలుగురి యెదుట చదివి వినిపించు ఆ ఒక్క పంక్తి చాలును.